రెండుకొలతల మామయ్య

మా మామయ్య ఏ కొలతనైనా ఒక్కసారి చెప్పి ఊరుకున్న పాపాన పోలేదు. పాత కొలతలో ఒకసారి, కొత్త కొలతలో ఒకసారి, మొత్తం రెండుసార్లు చెప్పాల్సిందే. పోనీ గొణిగి ఊరుకుంటాడా అంటే అదీ లేదు. వీధి చివర ఇస్త్రీ చేసుకునే మనిషి పెట్టె పైకెత్తి "ఏమంటున్నాడు?" అని చెవి రిక్కించేంత గట్టిగా చెప్పేవాడు.

టీ గ్లాసు చేతికిస్తే "నాలుగంగుళాలు! పది సెంటీమీటర్లు!" అని దాని ఎత్తు ప్రకటించి అప్పుడు తాగేవాడు. చెయ్యి విరిగి కట్టుతో ఎవరైనా ఎదురొస్తే "అయ్యో" అనడానికి ముందు కట్టు పొడుగు చెప్పేవాడు. దారిన పోయేవాళ్ళు బస్టాండు ఎంత దూరమని అడిగితే "మైలు. అంటే కిలోమీటరూ ఆరువందల మీటర్లూ, ఇంకా పైన కొంచెం" అని మొదలుపెట్టి, ఆ కొంచెం ఎంతో తేలేలోగా వాళ్ళ బస్సు వెళ్ళిపోయేది. వీధిలో అందరూ ఆయన్ని రెండుకొలతల మామయ్య అనేవారు. నాకైతే సొంత మేనమామ. మిగతావాళ్ళకి ఏ వరసన మామయ్య అయ్యాడో ఆ వరస కలిపినవాళ్ళకే తెలియాలి.

ఇక మా అత్తయ్య. ఆవిడ నోరు తెరిస్తే సామెత. అలాంటి మనిషికి ఇలాంటి మొగుణ్ణి కట్టబెట్టినవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు.

"బారెడు పొద్దెక్కింది, ఇంకా లేవరా?" అనేది ఆవిడ.

దుప్పటి లోపలినుంచి జవాబు వచ్చేది. "బారంటే ఆరడుగులు. నూట ఎనభై మూడు సెంటీమీటర్లు. కిటికీలోంచి చూడు, పొద్దు అంత ఎక్కలేదు."

"ఏం మనిషండీ బాబూ! జానెడు పొట్ట కోసం ఎన్ని తిప్పలు పడుతున్నానో మీకేం తెలుసు?"

"జానెడంటే తొమ్మిదంగుళాలు. ఇరవై మూడు సెంటీమీటర్లు." అని, లేచి కూర్చుని, తన పొట్ట వంక చూసుకుని, "నాది రెండు జానలుంటుందే" అని నిజాయితీగా ఒప్పుకునేవాడు.

"మిమ్మల్ని చూస్తే జనం ఆమడ దూరం పారిపోతున్నారు!"

"ఆమడంటే ఎనిమిది మైళ్ళు. పదమూడు కిలోమీటర్లు. అంత దూరం ఎవరు పారిపోయారే? నిన్న పాలవాడు మలుపు దాకా పారిపోయాడు, అంతే."

ఒక్కసారి మాత్రం అత్తయ్య గెలిచింది. గెలుద్దామని గెలవలేదు, కోపంలో నోరుజారి గెలిచింది. "మీకు వీసమెత్తు బుద్ధి లేదు!" అంది. మామయ్య నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. వీసమంటే పదహారో వంతు. బాగానే ఉంది. దేంట్లో పదహారో వంతు? మొత్తం బుద్ధి బరువెంతో తెలియందే అందులో వంతు కట్టడమెలా? గుమ్మంలో కూర్చుని వేళ్ళు మడుస్తూ విప్పుతూ సాయంత్రం దాకా ఆలోచించాడు. ఆ పూట ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! అత్తయ్య రెండు గంటలు నిద్రపోయింది కూడా. ఆనాటినుంచి వీసమెత్తును ఆవిడ తలనొప్పి బిళ్ళలా దాచుకుంది. ఊరికే వాడేది కాదు, భరించలేని రోజునే వాడేది.

మేమంతా నవ్వేవాళ్ళం. నేనైతే ముందు వరసలో నిలబడి నవ్వేదాన్ని. ఆయన చేతులు చాచి గాలిలో సెంటీమీటర్లు చూపించడం అనుకరించి మా ఆయన్ని నవ్వించేదాన్ని. అంత నవ్విన పాపానికి అసలు సంగతి చెప్పే పని కూడా నాదే.

మామయ్య పనిచేసేది కుర్చీలూ బల్లలూ తలుపులూ చేసే ఒక వడ్రంగి షెడ్డులో. నేనూ అక్కడే, వెనక వైపు పాలిష్ పని చేసేదాన్ని. ఆ పనిలో నన్ను పెట్టించింది మామయ్యే. షెడ్డుకు యజమాని ఉన్నాడు, కానీ రాజు మాత్రం పెద్దమేస్త్రి. మామయ్యకు ఉలి పట్టుకోవడం నేర్పింది ఆయనే. కర్రముక్క వంక ఓరగా చూసి, టేపు తీయకుండానే "పదిహేడున్నర" అనేవాడు. అనుమానం ఉన్నవాళ్ళు కొలుచుకుంటే పదిహేడున్నరే వచ్చేది, దారమంత తేడా ఉండేది కాదు. మాట తక్కువ, రోషం ఎక్కువ. "నాకు తెలియదు" అనే మాట ఆయన నోట విన్నవాళ్ళు ఎవరూ లేరు.

అలాంటి రోజుల్లో కొత్త కొలతలొచ్చాయి. ప్రభుత్వం వారి ఉత్తర్వు: అడుగులూ అంగుళాలూ చాలు, ఇకమీదట మీటర్లూ సెంటీమీటర్లూ. ఒక పొద్దున యజమాని అట్టపెట్టె పట్టుకొచ్చి, అందరి దగ్గరా పాత టేపులు అందులో వేయించుకుని, కొత్తవి పంచాడు. అందరూ విసిరేసినట్టు వేశారు. పెద్దమేస్త్రి దగ్గర టేపు లేదు, ఇత్తడి బందులున్న కర్ర మడతస్కేలు ఉంది. దాన్ని నాలుగు మడతలూ మడిచి, పెట్టె అడుగున మెల్లగా పడుకోబెట్టాడు. కొత్త టేపు జేబులో వేసుకున్నాడు. మళ్ళీ బయటికి తీయడం ఎవరూ చూడలేదు.

ఆ వారమే స్టూళ్ళ గొడవ జరిగింది.

పసిపిల్లల బడి ఒకటి పన్నెండు స్టూళ్ళు కావాలని కాగితం పంపింది. అందులో "ఎత్తు 30" అని ఉంది. సెంటీమీటర్లని వేరే రాయలేదు, ఇక అన్నీ అవే కదా అనుకున్నారు పాపం. మా షెడ్డులో స్టూలు, ముప్పై అన్న మాటలు కలిపి వింటే ఒకటే అర్థం. నిలువెత్తు బల్లల ముందు కూర్చుని ఇళ్ళ నక్షాలు గీసేవాళ్ళ కోసం ముప్పై అంగుళాల స్టూళ్ళు నలభై ఏళ్ళుగా చేస్తున్నారు. వందలు చేసి ఉంటారు. కాగితం చూసి కోత చీటీ రాయడం పెద్దమేస్త్రి పని, లేదా మామయ్య పని, ఎవరి చేతికి అందితే వాళ్ళది. చీటీ వచ్చాక కర్ర కోసేవాడు అది బడికా నక్షాల కచేరీకా అని చూడడు, అంకె చూస్తాడు. నాలుగు రోజుల్లో పన్నెండు స్టూళ్ళు లేచి నిలబడ్డాయి. నేను పాలిష్ కూడా అద్దంలా కొట్టి పెట్టాను.

ఐదో రోజు బడి పంతులమ్మ వచ్చింది. స్టూలు ఆవిడ నడుము దాకా వచ్చింది. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"మా పిల్లలు నాలుగేళ్ళవాళ్ళండీ," అంది మర్యాదగా. "వీటితో పాటు పన్నెండు నిచ్చెనలు కూడా మీరే ఇస్తారా?"

ఎవరూ నవ్వలేదు. యజమాని మొహం ఎర్రబడింది. "చీటీ రాసిందెవరు?"

రంపాలు ఆగిపోయాయి. పెద్దమేస్త్రి చేతిలో ఉలి అలాగే ఉండిపోయింది. అప్పుడు ఆ మూలనుంచి మామయ్య గొంతు వినబడింది.

"నేనేనండీ. ముప్పై అని చూశాను, అంగుళాలనుకున్నాను. తప్పు నాదే."

"ఏదీ ఆ చీటీ?"

"రంపపుపొట్టులో ఎక్కడో కలిసిపోయిందండీ."

యజమాని మామయ్యను నానా మాటలూ అన్నాడు. పంతులమ్మ ముందే అన్నాడు. తరవాత అందరి వైపూ తిరిగాడు. "ఈ నెలాఖరున ఒక్కొక్కర్నీ నిలబెట్టి కొలతలు అడుగుతాను. ఎంత పాతవాళ్ళయినా సరే, మొహమాటం లేదు. చెప్పలేనివాళ్ళు ఒకటో తారీఖునుంచి షెడ్డుకు రానక్కర్లేదు."

ఆ మాట మిగతావాళ్ళకి చురక. పెద్దమేస్త్రికి మాత్రం పిడుగు. మేము ఎలాగో నేర్చుకుంటాం, ఆయన సంగతేమిటి? ఆయన్ని కూర్చోబెట్టి నేర్పే మొనగాడు ఎవడు? నేర్పమని ఆయన అడుగుతాడా? అడగడానికి ముందు గడ్డపారతో దవడలు విప్పాలి. ఆ షెడ్డు తప్ప ఆయనకు ఇంకో లోకం లేదు. ఆ చేతులు పనిలేక ఒళ్ళో పడి ఉండటం నాకు ఊహకే అందేది కాదు.

స్టూళ్ళ సంగతి మామయ్యే చక్కబెట్టాడు. "ముప్పై అంగుళాలంటే డెబ్బై ఆరు సెంటీమీటర్లు. కాళ్ళలో నలభై ఆరు కోసేస్తే ముప్పై మిగులుతుంది" అని, అడ్డకర్రలు ఊడదీసి, కాళ్ళు కోసి, మళ్ళీ బిగించాడు. కోసిన ముక్కలు నలభై ఎనిమిది పడ్డాయి. పొయ్యిలో పెట్టుకోవడానికి తప్ప పనికిరావని అందరూ అనుకుంటుంటే ఆయన ఒకటి తీసి నిలబెట్టి చూశాడు. నలభై ఆరు సెంటీమీటర్లంటే పద్దెనిమిదంగుళాలు. పెద్దవాళ్ళు కూర్చునే స్టూలుకు కాలు సరిగ్గా అంతే ఉంటుంది. పైన పలకలు వేస్తే ఇంకో పన్నెండు స్టూళ్ళు అయ్యాయి! పిల్లలవి బడికి వెళ్ళాయి. పెద్దవి అమ్ముడుపోయాయి. ఒకటి మామయ్య ఇంటికి తెచ్చుకున్నాడు.

యజమాని తిట్టిన మర్నాటినుంచే అరుపులు మొదలయ్యాయి.

"పన్నెండంగుళాలు! ముప్పై సెంటీమీటర్లు! ఇరవై నాలుగు! అరవై ఒకటి!"

"ఎందుకు మామయ్యా ఆ కేకలు?" అన్నాను మొదటి రోజే.

"నాది మట్టిబుర్రమ్మా. పైకి అనుకుంటే తప్ప ఎక్కదు. తప్పు చేసినవాణ్ణి, నాకా మాత్రం భయం ఉండొద్దూ?"

తప్పు చేసినవాడు కదా అని ఎవరూ కాదనలేకపోయారు. ఆయన పనిబల్ల షెడ్డుకు ఒక చివర ఉండేది. అరవడానికి మాత్రం రెండో చివర ఉన్న పెద్దమేస్త్రి బల్ల దగ్గరికి వచ్చేవాడు. అక్కడ వెలుతురు బాగుంటుందట. అరవడానికి వెలుతురెందుకని అడగాలన్న బుద్ధి మాలో ఒక్కరికీ పుట్టలేదు. పెద్దమేస్త్రి తల ఎత్తేవాడు కాదు, చెక్కను నున్నగా చిత్రిక పట్టుకుంటూ పోయేవాడు. ఒక్కోసారి విసుగొచ్చి "ఒరేయ్, కాస్త అవతలికి పో" అనేవాడు. మామయ్య రెండడుగులు అవతలికి జరిగి, "రెండడుగులు! అరవై ఒక్క సెంటీమీటరు!" అనేవాడు.

ఈ సందడిలో అత్తయ్య నడుము వచ్చిపడింది.

ఆవిడ బట్టలు కుట్టించుకోవడానికి దర్జీ దగ్గరికి వెళ్ళింది. దర్జీకీ కొత్త టేపే. చుట్టూ పెట్టి కొలిచి "తొంభై ఒకటి" అని రాసుకున్నాడు. అత్తయ్య ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. వస్తూనే మంచం మీద కూలబడింది.

"పోయిన నెల ముప్పయ్యారున్నానండీ! నెల తిరక్కుండా తొంభై ఒకటి అయ్యాను! నేను తినేదెంత, ఈ ఒళ్ళెంత!"

మామయ్య సంతోషం పట్టలేకపోయాడు. "ఓసి పిచ్చిదానా! రెండూ ఒకటేనే! ముప్పయ్యారంగుళాలే తొంభై ఒక్క సెంటీమీటరు!"

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. మర్నాడు షెడ్డుకు వచ్చి, వెలుతురున్న చోట నిలబడి, "ముప్పయ్యారు! తొంభై ఒకటి! మా ఆవిడ నడుము!" అని మూడుసార్లు అరిచాడు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. అత్తయ్య మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయన మంచి చేసుకోబోయాడు.

"అది కాదే, నీ బరువు సంగతి ఆలోచించావా? నూట యాభై తొమ్మిది పౌన్లుండేదానివి. ఇప్పుడు డెబ్బై రెండు కిలోలే. సగానికి పైగా తగ్గావు!"

అత్తయ్య కళ్ళు తుడుచుకుని కాసేపు లెక్క చూసుకుంది. "అయితే ఇకమీదట నా నడుము అంగుళాల్లో చెప్పండి, బరువు కిలోల్లో చెప్పండి. తిరగేశారో, ఊరుకోను." కొత్త కొలతలతో ఇంత తెలివిగా రాజీపడ్డ మనిషిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

నెలాఖరు రానే వచ్చింది. యజమాని టేపు చేతిలో పట్టుకుని షెడ్డు మధ్యలో నిలబడ్డాడు. ఒక్కొక్కరూ వచ్చి కొలిచి చెప్పి పోతున్నారు. మామయ్యను అడిగితే అడిగినదానికి రెండు చొప్పున చెప్పి, ఇక చాలు పొమ్మనిపించుకున్నాడు. చివర మిగిలింది పెద్దమేస్త్రి.

"మేస్త్రి గారూ, ఆ తలుపు వెడల్పు కొలిచి చెప్పండి," అన్నాడు యజమాని టేపు అందిస్తూ.

పెద్దమేస్త్రి టేపు అందుకోలేదు. గోడకు ఆనించి ఉన్న తలుపు వంక ఓరగా చూశాడు. ఆ చూపులో ఎప్పటి ధీమా లేదు.

"ముప్ప..." అంది వెనకనుంచి ఒక గొంతు.

"నువ్వు నోరు ముయ్యి!" అన్నాడు యజమాని.

మామయ్య పిడికిలి నోట్లో కుక్కుకున్నాడు. ఆయన కళ్ళు గుడ్లగూబ కళ్ళలా అయ్యాయి. ఆ మనిషి ఒక కొలతను నోట్లోనే ఆపుకోవడం నేను చూడటం అదే మొదలు. చూసినవాళ్ళకే ఊపిరాడలేదు.

"తొంభై ఒకటి," అన్నాడు పెద్దమేస్త్రి.

యజమాని కొలిచాడు. తొంభై ఒకటి! ఒక బల్ల వైపు వేలు చూపించాడు. "నూట ఎనభై మూడు." కొలిచాడు, అంతే ఉంది. కుర్చీ కాలు చూపించాడు. "నలభై ఆరు." ఈసారి కొలవకుండానే టేపు చుట్టేసి "మీకు పరీక్ష పెట్టడం నాదే తప్పు మేస్త్రి గారూ" అని చక్కా పోయాడు. మామయ్య చివరికంటా పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఏమైందని అడిగితే కంట్లో పొట్టు పడిందన్నాడు. రెండు కళ్ళలోనూ పడిందట.

ఆ సాయంత్రం పెద్దమేస్త్రి మామయ్య ఇంటి ముందునుంచి వెళుతూ, గుమ్మంలో ఉన్న అత్తయ్యకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. "నీ నడుము చల్లగా ఉండాలమ్మా!" అన్నాడు. ఆవిడ బిత్తరపోయింది. "కడుపు చల్లగా ఉండాలంటారు గానీ, ఈ నడుమేమిటే?" అని నన్ను అడిగింది. నాకు అర్థమైంది గానీ నేను చెప్పలేదు. చెప్తే మళ్ళీ మూడు రోజులు మాటలుండేవి కావు.

పరీక్ష గట్టెక్కింది కదా, ఇక అరుపులు ఆగుతాయనుకున్నాం. రామరామ! ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, ఎనిమిదేళ్ళు! అత్తయ్యకు జ్వరం వస్తే, డాక్టరు నూట రెండు అనగానే ఈయన "అంటే ముప్పై తొమ్మిదేనే! దిగిపోయింది, లే!" అని ఆవిడ దుప్పటి లాగేశాడు. షెడ్డులోకి కొత్తగా చేరినవాళ్ళకు అంగుళమంటే ఏమిటో కూడా తెలియదు. వాళ్ళకు ఆయన సగం మాట అరుపు, సగం మాట వేరే భాష. అయినా రోజూ పొద్దున్నే రెండో చివరికి వచ్చి, వెలుతురున్న చోట నిలబడి మొదలుపెట్టేవాడు. పెద్దమేస్త్రి తలవంచుకుని చిత్రిక పట్టుకుంటూ పోయేవాడు.

ఎనిమిదో ఏడు పెద్దమేస్త్రి చేతికి వణుకొచ్చింది. ఎవరూ అనకముందే ఆయనే "ఇక చాలు" అన్నాడు. ఆఖరి రోజు ఆయన పనిముట్ల పెట్టె సర్దడానికి నన్ను పిలిచాడు. ఉలులు ఒక్కొక్కటీ తీసి గుడ్డలో చుడుతుంటే, మూత లోపలి వైపు బంకతో అంటించిన చిన్న కాగితం కనబడింది. పసుపుపచ్చగా అయిపోయింది. "స్టూళ్ళు 12, ఎత్తు 30" అని ఉంది. ముప్పై పక్కన, మా షెడ్డులో అంగుళాలకు పెట్టే రెండు చిన్న గీతలు ఉన్నాయి. రాత మామయ్యది కాదు. ఆ గుండ్రటి అక్షరాలు షెడ్డంతటికీ తెలుసు.

"మేస్త్రి గారూ, ఇది..."

"ఆఁ, నేను రాసిందే," అన్నాడాయన ఉలి తుడుస్తూ. "నోరు తెరిచి చెప్పేలోగా వాడు నెత్తినేసుకున్నాడు. ఆ రోజు సాయంత్రం ఈ చీటీ నా పెట్టెలో పెట్టి పోయాడు. ఒక్క మాట అడగలేదు, ఒక్క మాట చెప్పలేదు. తెల్లారి వచ్చి నా పక్కన నిలబడి అరవడం మొదలెట్టాడు."

ఎనిమిదేళ్ళుగా నేను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"మీకోసమే అరుస్తున్నాడని మీకు తెలుసా?"

"తెలియకేం తల్లీ! నాకు చెవులు లేవా? వాడు అరిచే అంకెల్ని నా చేతికి కలుపుకున్నాను: జానెడంటే ఇరవై మూడు, మూరెడంటే నలభై ఆరు, బారెడంటే నూట ఎనభై మూడు. నా చెయ్యే నాకు టేపు అయిపోయింది. మిగతావి ఆ అమ్మ నడుము నేర్పింది. మూడు వారాల్లో వచ్చేసింది నాకు."

"మూడు వారాల్లోనా! మరి ఎనిమిదేళ్ళు..."

"ఎనిమిదేళ్ళు భరించాను," అన్నాడు పెద్దమేస్త్రి. ఆ ఒక్క మాటలో ఆయన పడ్డ కష్టమంతా వినబడింది. "ఏం చెయ్యమంటావు? ఇక చాలురా, వచ్చేసింది అంటే, నాకు రాదని వాడికి తెలుసునన్న సంగతి నాకు తెలిసిపోయిందని వాడికి తెలిసిపోతుంది. నా పరువు పోతే పోయింది, వాడు చేసిన మంచిపని పాడైపోదూ? అరుచుకోనీ అని ఊరుకున్నాను. రోజూ మధ్యాహ్నానికి తలనొప్పి."

నేను తిన్నగా మామయ్య దగ్గరికి వెళ్ళాను. "మామయ్యా, ఆ స్టూళ్ళ చీటీ రాసింది నువ్వేనా?"

"నేనే," అన్నాడు తల ఎత్తకుండా. "మట్టిబుర్ర కదా."

పెద్దమేస్త్రి వెళ్ళిపోయిన మర్నాడు మామయ్య షెడ్డులో అరవలేదు. ఆ మర్నాడూ అరవలేదు. తన బల్ల దగ్గరే నిలబడి, కొలుచుకుని, కోసుకుని, ఇంటికి పోయాడు. మొదట్లో అందరికీ హాయిగానే ఉంది. నాలుగు రోజులు గడిచేసరికి ఇస్త్రీ మనిషి నన్ను ఆపి "మీ మామయ్యకు ఒంట్లో బాగుందా?" అని అడిగాడు. వారం తిరిగేసరికి అత్తయ్య మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"మీ మామయ్య కొలవడం మానేశాడే!" అంది. ఎన్నడూ లేనిది, ఆవిడ కళ్ళలో నీళ్ళు. "బారెడు పొద్దెక్కిందంటే లేచి కూర్చుంటున్నాడు. టీ ఇస్తే ఊరికే తాగేస్తున్నాడు. నిన్న నేనే సిగ్గు విడిచి, నా నడుము తొంభై ఒకటి దాటిందేమో చూడండీ అన్నాను. 'ఎంతయితే ఏంలే' అన్నాడు. ఆ మాట వినడానికా నేను బతికుంది?"

నేను చెప్పులేసుకుని పెద్దమేస్త్రి ఇంటికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పాను. ఆయన పెద్ద నిట్టూర్పు విడిచి, "సరే, పద. తప్పుతుందా!" అని లేచాడు.

షెడ్డుకు సెలవు రోజు కదా, మామయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. గురువును చూసి గబుక్కున లేచి, లోపలినుంచి స్టూలు తెచ్చి వేశాడు. ఆ స్టూలే, కోసేసిన కాళ్ళతో చేసిన పద్దెనిమిదంగుళాలది. పెద్దమేస్త్రి దాని మీద కూర్చున్నాడు. అటూ ఇటూ కదిలి చూశాడు. వంగి స్టూలు కాళ్ళు తడిమాడు.

"ఒరేయ్, ఇది ఎంత ఎత్తుంటుంది?"

మామయ్య ఆయన వంక చూశాడు. ప్రపంచంలో ఏ స్టూలైనా కొలవకుండానే ఎత్తు చెప్పే మనిషి అడుగుతున్నాడు.

"మీకు తెలియదా మేస్త్రి గారూ?"

"నాకు తెలియదు," అన్నాడు పెద్దమేస్త్రి. నా జన్మలో ఆ మాట ఆయన నోట విన్నది అదొక్కసారే. "పనిలోకి పోవడం లేదు కదా, మరచిపోతున్నాను. రోజూ సాయంత్రం ఇటు వస్తాను, రెండు కొలతల్లోనూ చెబుతూ ఉండు. చెవులు కూడా మందగించాయి. కాస్త గట్టిగా చెప్పు."

మామయ్య గొంతు సవరించుకున్నాడు. మొదట మెల్లగా, ఎక్కడో దాచుకున్నది వెతికి తీస్తున్నట్టు, "పద్దెనిమిదంగుళాలు" అన్నాడు. తరవాత ఛాతీ పొంగింది. "నలభై ఆరు సెంటీమీటర్లు!" వీధి చివర ఇస్త్రీ మనిషి పెట్టె పైకెత్తి ఇటు చూశాడు. వంటింట్లో అత్తయ్య చేతిలోంచి గిన్నె జారిపడింది.

పెద్దమేస్త్రి మోచెయ్యి స్టూలు అంచున ఆనించి, చెయ్యి కిందికి చాచాడు. మధ్యవేలి కొస నేలకు తగిలింది. "సరిగ్గా మూరెడుందిరా," అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మామయ్య కళ్ళు వెలిగిపోయాయి.

"అవును కదా! మూరెడు! పద్దెనిమిదంగుళాలు! నలభై ఆరు సెంటీమీటర్లు! ఇన్నాళ్ళూ మూడోది వదిలేశానేమిటి మేస్త్రి గారూ? గుమ్మం చూడండి! నాలుగు మూరలు, మీద ఒక జాన! ఎనభై ఒక్క అంగుళాలు! రెండు వందల ఆరు సెంటీమీటర్లు!"

పెద్దమేస్త్రి నా వంక దీనంగా చూశాడు. నేను మొహం తిప్పుకుని నవ్వు ఆపుకున్నాను. మామయ్య కిటికీ దాకా వచ్చేసరికి అత్తయ్య గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చెంపల మీద కన్నీళ్ళు ఆరనేలేదు, మూతి నిండా నవ్వు.

"ఉన్న రెండూ చాలక మూడోది కూడా అంటించారా మేస్త్రి గారూ!" అంది. మొగుడి వైపు తిరిగి, ఎనిమిదేళ్ళుగా దాచుకున్న బిళ్ళను ఎంతో ప్రేమగా బయటికి తీసింది. "ఏమండీ, మీకు వీసమెత్తు బుద్ధి లేదండీ!"

మామయ్య ఎత్తిన చెయ్యి గాలిలో ఆగిపోయింది. "వీసమంటే... పదహారో వంతు..." అంటూ వెళ్ళి గుమ్మంలో కూర్చుని వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

"ఇది ఎంతసేపుంటుందమ్మా?" అని పెద్దమేస్త్రి గుసగుసగా అడిగాడు.

"సాయంత్రం దాకా ఢోకా లేదు. కూర్చోండి, టీ పెడతాను," అంది అత్తయ్య.